సూది ఎక్కితే బండి ఆపేయ్

పికప్ బండి ఉన్న ఇంటికి వెళ్ళి కూర్చుంటే చాలు, కాఫీ చల్లారేలోపు ఒక ప్రశ్న వచ్చేస్తుంది. "బండి రెండు లక్షలు తిరిగిందండీ, ఇంజిన్ ఇంకెంత కాలం వస్తుందంటారు?" మీ ఇంట్లోనూ ఏ బొలెరోనో, టాటా ఏసో, దోస్తో ఉంటే ఈ ప్రశ్న మీరూ ఎవరినో ఒకరిని అడిగే ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చు, బ్యాంకు కిస్తీ అన్నీ ఆ ఒక్క బండి మీదే నడుస్తున్నప్పుడు ఆ బెంగ ఉండదా మరి?

ముందు అంకెలు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని ఇంజిన్ 702 సీసీ, రెండే సిలిండర్లు, 16 హార్స్‌పవర్. అలాంటి చిన్న ఇంజిన్ బాగా చూసుకుంటే రెండు, రెండున్నర లక్షల కిలోమీటర్ల దాకా పెద్ద పని లేకుండా వస్తుందని మెకానిక్కులు చెబుతారు, నేను చూసిందీ అదే. బొలెరో పికప్‌లో ఉండే రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌కి నాలుగు లక్షలు మామూలు విషయం. ఐదు దాటినవీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. అయితే అదే కంపెనీ, అదే మోడల్, అదే ఏడాది బండి లక్ష తిరక్కుండానే ఇంజిన్‌కి పెద్ద పని వచ్చి షెడ్డులో పడుండటం కూడా చూస్తాం. లక్షకీ ఐదు లక్షలకీ మధ్య ఉన్న ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? ఇవాళ్టి కబుర్లన్నీ దాని గురించే.

ఇంజిన్లు తయారు చేసేవాళ్ళకీ ఈ తేడా సంగతి తెలుసు. అందుకే వాళ్ళు ఫలానా ఇంజిన్ ఇన్ని కిలోమీటర్లు వస్తుందని ఒక్క ముక్కలో చెప్పరు. బీ10 అని ఒక లెక్క పెట్టుకుంటారు. వంద ఇంజిన్లు రోడ్డెక్కితే వాటిలో పదింటికి పెద్ద పని వచ్చేసరికి ఎంత దూరం తిరిగాయో అది బీ10. సగానికి పని వచ్చేసరికి ఎంతయిందో అది బీ50. మీ బండి ఆ మొదటి పదింట్లో ఉంటుందా, చివరి పదింట్లో ఉంటుందా అన్నది కంపెనీ చేతుల్లో కొంతే ఉంది. మిగతాది బండి ఇంటికొచ్చాక తేలుతుంది.

అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతాను. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళకి ఇది తెలిసే ఉండొచ్చు. పక్క రాష్ట్రం లూసియానాలో ఒకాయన 2007 మోడల్ టొయోటా టండ్రాని 2016 నాటికి పది లక్షల మైళ్ళు తిప్పాడు. అంటే మన లెక్కలో 16 లక్షల కిలోమీటర్లు. ఇంజిన్, గేర్‌బాక్స్ కంపెనీ నుంచి వచ్చినవే, మార్చలేదు. విన్న కంపెనీవాళ్ళు ఆ బండిని తీసుకుని ఆయనకి కొత్త బండి ఇచ్చారు. పాతదాన్ని విప్పి, ఏ భాగం ఎంత అరిగిందో చూసుకుందామని.

ఈ కథ చెప్పగానే చాలామంది "అది జపాన్ ఇంజినండీ, అందుకే వచ్చింది" అంటారు. ఇంజిన్ మంచిదే, కాదనను. కానీ లెక్క వేసి చూడండి. తొమ్మిదేళ్ళలో 16 లక్షల కిలోమీటర్లంటే సగటున రోజుకి 490. పొద్దున స్టార్ట్ చేస్తే గంటల తరబడి ఆగకుండా హైవే మీద పరుగే. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక సాయంత్రం దాకా అదే వేడిలో, అదే స్పీడులో ఉంటుంది. పైగా ఆయన ఆ బండిని నూరుసార్లకు పైగా సర్వీసుకి తీసుకెళ్ళాడు. ఆ రెండూ కలిస్తేనే అన్ని మైళ్ళు వచ్చాయి.

మన బండ్ల బతుకు వేరు. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ సరుకు దింపే బండి రోజంతా కలిపి అరవై కిలోమీటర్లు తిరగదు, కానీ ఇంజిన్ ఏడెనిమిది గంటలు నడుస్తుంది. సగటు స్పీడు గంటకి 50 ఉంటే లక్ష కిలోమీటర్లకి ఇంజిన్ రెండు వేల గంటలు తిరిగినట్టు. సగటు 15 ఉంటే అదే లక్షకి ఆరున్నర వేల గంటలు దాటుతుంది. మీటరు మీద మాత్రం రెండింటికీ లక్షే కనబడుతుంది. ట్రాక్టర్ ఉన్న రైతుకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఆయన ఎప్పుడూ గంటల మీటరే చూస్తాడు, గంటలు చూసే ఆయిల్ మారుస్తాడు. పికప్ ఉన్నవాళ్ళు కూడా అలాగే ఆలోచిస్తే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఊళ్ళో ఆగుతూ ఆగుతూ తిరిగే బండికి సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కంటే ముందే ఆయిల్ మార్చాలి. ఆ పుస్తకంలోనే కఠినమైన వాడకానికి తక్కువ గడువు రాసి ఉంటుంది, దాన్ని చదివేవాళ్ళే తక్కువ.

సరే, ఇంజిన్‌ని లోపల్నుంచి తినేసేవాటిలో నేను మొదట చెప్పేది దుమ్ము గురించి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ షెడ్డులో ఒకసారి రెండు ఇంజిన్లు పక్కపక్కనే విప్పి పెట్టి ఉన్నాయి. రెండూ ఒకే మోడల్. ఒకటి ఇటుక బట్టీల మీద తిరిగిన బండిది, లక్ష దాటి ఎంతో కాలం కాలేదు. రెండోది హైదరాబాద్ రూట్లో పార్సిళ్ళు తోలే బండిది, నాలుగు లక్షల పైమాటే. దాన్ని కూడా ప్యాకింగ్ దగ్గర ఆయిల్ కారుతోందని హెడ్డు దించారంతే. మేస్త్రీ టార్చి వేసి ముందు పార్సిల్ బండి సిలిండర్ చూపించాడు. లోపలి గోడ మీద సన్నటి గీతలు, ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ఇంజిన్ తయారీలో హోనింగ్ చేసేటప్పుడు పడే గీతలవి. వాటిలోనే ఆయిల్ నిలుస్తుంది, ఆ ఆయిల్ మీదే పిస్టన్ రింగులు జారతాయి. నాలుగు లక్షల కిలోమీటర్ల తర్వాత కూడా అవి ఉన్నాయంటే, రింగు గోడని పెద్దగా గీకలేదన్నమాట.

తర్వాత బట్టీ బండి సిలిండర్. గీతల్లేవు. గోడ నున్నగా మెరుస్తోంది. "పై అంచు దగ్గర గోరు పెట్టి చూడండి సార్" అన్నాడు. పెట్టాను. పై రింగు ఎక్కడిదాకా వెళ్ళి ఆగుతుందో సరిగ్గా అక్కడ గోరుకి మెట్టు తగిలింది. కింద అంతా అరిగిపోయి, రింగు చేరని పై అంచు మాత్రమే మిగిలింది. ఆ బండికి ఎయిర్ ఫిల్టర్ మార్చలేదా అని అడిగితే, అప్పుడు చూపించాడు అసలు సంగతి. ఫిల్టర్ కొత్తదే. ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే రబ్బరు హోస్ మడత దగ్గర చీలింది. ఎవరో దానికి గుడ్డ చుట్టి బైండింగ్ వైరుతో కట్టారు. గాలి ఫిల్టర్‌లోంచి శుభ్రంగా వచ్చి, ఆ చీలిక దగ్గర బట్టీ దుమ్ముని కలుపుకుని లోపలికి పోయింది. కొన్ని వందల రూపాయల హోస్ పైపు.

ఎంత గాలి పోతుందో తెలుసా? రెండున్నర లీటర్ల ఇంజిన్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంటే గంటకి లక్షన్నర లీటర్లకు పైనే గాలి పీలుస్తుంది. టర్బో ఉంటే ఇంకా ఎక్కువ. ఆ గాలిలో ఉండే దుమ్ములో ఎక్కువ భాగం ఇసుక రజను. రింగుకీ గోడకీ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి అదెంత పల్చనో ఊహించుకోండి. పది, ఇరవై మైక్రాన్ల ఇసుక రేణువు కంటికి కనబడదు, కానీ ఆ పొరని దాటి అటూ ఇటూ లోహాన్ని గీకడానికి అది చాలు.

ఇంకొకటి, పంక్చర్ షాపులో ఎయిర్ ఫిల్టర్‌కి గాలి కొట్టించి మళ్ళీ బిగించడం మనకి బాగా అలవాటు. కాగితం ఫిల్టర్ మీద అంత ప్రెషర్‌తో గాలి కొడితే కంటికి కనబడని చిల్లులు పడతాయి. దేనికైనా కొట్టి దులిపితే అంచు రబ్బరు వంగి, సరిగా కూర్చోదు. కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్ నిజానికి కొత్తదానికంటే బాగా వడకడుతుంది, ఎందుకంటే పేరుకున్న దుమ్మే ఇంకొక జల్లెడలా పనిచేస్తుంది. మరీ పూడుకుపోయినప్పుడు బండి లాగదు, నల్లపొగ వదులుతుంది. అప్పుడు మార్చేయడమే. గ్రానైట్ క్వారీలు, రైసు మిల్లులు, మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్ళు మాత్రం కిలోమీటర్లు చూడకుండా కళ్ళతో చూసి మార్చండి. మార్చిన ప్రతిసారీ హోస్ పొడవునా చెయ్యి తిప్పి, రెండు కొసల దగ్గర క్లిప్పులు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. లోపలి వైపు పైపులో వేలు పెట్టి తుడిస్తే వేలికి దుమ్ము అంటకూడదు. అంటితే ఎక్కడో లీకుందన్నమాట.

ఆయిల్ గురించి అందరూ చెప్పేదే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. భయపడక్కర్లేదు, మసిని పట్టి ఉంచడం దాని పని. పుస్తకంలో రాసిన గ్రేడు వాడండి. పాత ఇంజిన్లలో ఎక్కువ వాటికి 15డబ్ల్యూ-40 రాసి ఉంటుంది, కొత్త వాటికి పల్చటివి అడుగుతారు. మార్చినప్పుడల్లా ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి. ఫిల్టర్ పూడుకుపోతే లోపలుండే చిన్న వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిలే బేరింగులకి పోతుంది. ఇంజిన్‌కి ఆయిల్ అసలు అందకపోవడం కంటే అది నయమని ఆ ఏర్పాటు చేశారు, ఫిల్టర్ మార్చకుండా నడపమని కాదు. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాకి కత్తితో ఒక గాటు పెట్టి పారేయండి. మంచి డబ్బాలు ఏరుకుని నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్ళున్నారు.

డిప్‌స్టిక్ విషయంలో మాత్రం ఒక్క మాట నిదానంగా చెప్పాలి. ఆయిల్ తగ్గితే అందరూ గమనిస్తారు. పెరిగితే "బాగానే ఉంది, తాగట్లేదు" అని సంతోషపడతారు. ఇంజిన్‌లో ఆయిల్ దానంతటది పెరగదు. పెరిగిందంటే నీళ్ళయినా కలుస్తున్నాయి, డీజిలైనా కలుస్తోంది. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో ఇది ముఖ్యం. వాటి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అందులో మసి నిండినప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ పోసి దాన్ని కాల్చేస్తుంది. అది పూర్తవ్వాలంటే బండి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. మధ్యలో ఆపేస్తూ పోతే, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ పల్చబడుతుంది, బేరింగులకి రక్షణ తగ్గుతుంది. కాబట్టి ఊళ్ళోనే తిరిగే బీఎస్6 బండిని అప్పుడప్పుడూ హైవే ఎక్కించి అరగంట నడపడం ఖర్చు కాదు. ఆయిల్ కూడా ఆ బండ్ల కోసం చేసిన తక్కువ బూడిద రకమే పోయాలి. చౌకని పాత రకం పోస్తే ఆ మసి ఫిల్టర్ కాలినా పోని బూడిదతో నిండిపోతుంది.

ఇక నీళ్ళు. ఇక్కడ నాకు కాస్త ఆవేశం వస్తుంది, ఓపిక పట్టండి.

"మన దగ్గర మంచు పడదు కదండీ, కూలెంట్ దేనికి, నీళ్ళు చాలవా?" అని అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. మనకి కావాల్సింది మిగతావి. లోపల తుప్పు పట్టకుండా చూస్తుంది, నీళ్ళు మరిగే వేడిని పెంచుతుంది, వాటర్ పంపు సీలుని కాపాడుతుంది. బోరు నీళ్ళు పోస్తే ఏమవుతుందో ప్రకాశం, నల్గొండ జిల్లాల వాళ్ళని అడగండి, ఇంట్లో గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి సున్నమే హెడ్డులో నీళ్ళు తిరిగే సందుల్లో కూడా పేరుకుంటుంది. అక్కడ వేడి బయటికి పోదు. రేడియేటర్ ఎంత బాగున్నా హెడ్డు ఒకచోట కాగిపోతూ ఉంటుంది. దారిలో అవసరం పడితే ఏ నీళ్ళయినా పోయండి, ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్పదు. ఇంటికొచ్చాక కడిగించి సరైన కూలెంట్ నింపించండి.

ఇంకో అలవాటు ఉంది. బండి వేడెక్కుతోందంటే థర్మోస్టాట్ వాల్వు పీకి పారేసి, "ఇక హీటెక్కదన్నా" అని పంపించేయడం. కాసేపటికి సూది నిజంగానే కిందుంటుంది, ఓనరు కూడా సంతోషిస్తాడు. కానీ ఇంజిన్ చల్లగా ఉండటం మంచిదనుకోవడం తప్పు. లోపల నీళ్ళు 80, 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు సరిగ్గా ఉంటుంది, డీజిల్ పూర్తిగా కాలుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోతుంది. ఆ వాల్వు లేకపోతే చలికాలం పొద్దున ఇంజిన్ వేడెక్కడానికి ఎంతో సేపు పడుతుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద వాటా అలా చల్లగా నడిచిన నిమిషాలదే. పైగా కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వు తీసేస్తే నీళ్ళు రేడియేటర్‌లోకి వెళ్ళకుండా దగ్గరి దారిలో ఇంజిన్‌లోనే తిరుగుతాయి, ఎండాకాలం లోడుతో వెళ్ళేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న వరి పొట్టో, వదులైన ఫ్యాన్ బెల్టో, మూత స్ప్రింగు పోవడమో అయ్యుంటుంది. ఆ మూత చిన్నదే కానీ లోపల ప్రెషర్ నిలిపేది అదే. ఆ ప్రెషర్ వల్లే నీళ్ళు వంద దాటినా మరక్కుండా ఉంటాయి.

సూది గురించి డ్రైవర్లందరికీ తెలియాల్సిన సంగతి ఒకటుంది. వేడిని కొలిచే సెన్సార్ నీళ్ళలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. హోస్ పగిలి నీళ్ళన్నీ ఒక్కసారిగా పోతే ఆ సెన్సార్ ఖాళీగా గాలిలో ఉండిపోతుంది. సూది పైకెక్కి, తర్వాత ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. "తగ్గిందిలే" అని డ్రైవర్ గేరు వేస్తాడు. ఇంకో రెండు కిలోమీటర్లలో హెడ్డు వంగిపోతుంది. కాబట్టి ఎక్కిన సూది మీరేమీ చేయకుండానే దిగిందంటే, అప్పుడే ఎక్కువ భయపడాలి. పక్కకి తీసి ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం తీయకండి, చెయ్యీ మొహం కాలిపోతాయి. కాగిన ఇంజిన్ మీద చన్నీళ్ళు గుమ్మరించకండి, హెడ్డు చీలుతుంది. ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు విషయంలో అయితే పక్కకి తీసేదాకా కూడా ఇంజిన్ నడపొద్దు. ఆయిల్ ప్రెషర్ లేకుండా ఒక్క నిమిషం లోడులో తిరిగితే చాలు, కన్‌రాడ్ బేరింగులు పట్టేస్తాయి.

డీజిల్ సంగతి నాలుగు ముక్కల్లో అయిపోతుంది. డీజిల్ ఫిల్టర్ కింద ఉండే కాక్ తిప్పి, పేరుకున్న నీళ్ళు వదలండి, వర్షాకాలంలో తరచుగా. డబ్బాల్లో అమ్మే చౌక డీజిల్ జోలికి పోకండి. కామన్‌రైల్ ఇంజిన్లలో వెయ్యి బార్లకు మించిన ప్రెషర్‌తో డీజిల్ చిమ్ముతుంది. అక్కడికి నీటి చుక్కో నలుసో చేరితే నాజిళ్ళు పోతాయి. పోయిన నాజిల్ సన్నగా చిమ్మడం మానేసి ధారగా కారుతుంది, ఆ ధార పిస్టన్ నెత్తిన చిల్లు పెట్టగలదు. టర్బో ఉన్న బండిని లోడుతో తోలుకొచ్చాక ఒక నిమిషం అలా నడవనిచ్చి ఆపండి. టర్బో లోపలి ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అది నెమ్మదించకుండానే ఆయిల్ ఆగిపోతే, అక్కడున్న ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

లోడు గురించి మీకు తెలియంది కాదు. టన్నున్నర బండికి మూడు టన్నులు వేస్తే ఏమవుతుందో పోలీసులకంటే ముందు హెడ్ ప్యాకింగే చెబుతుంది. కానీ లోడు సరిగ్గా ఉన్నా, గేరు తప్పయితే అంతే నష్టం. అనంతగిరి ఘాట్ ఎక్కే బండ్లని చూడండి. కొందరు డ్రైవర్లు డీజిల్ మిగులుతుందని పెద్ద గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ అదిమి పట్టుకుంటారు. ఇంజిన్ గుడగుడలాడుతూ, నల్లపొగ వదులుతూ, మూలుగుతూ ఎక్కుతుంది. చుట్లు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. ఆయిల్ పొర నిలవక బేరింగుల మీద దెబ్బ నేరుగా పడుతుంది. ఒక గేరు తగ్గించి, ఇంజిన్‌ని తేలిగ్గా తిరగనిస్తూ ఎక్కించడమే దానికి మేలు. దిగేటప్పుడు న్యూట్రల్ చేసేవాళ్ళు కూడా డీజిల్ కోసమే చేస్తారు. కామన్‌రైల్ బండిని గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే నాజిళ్ళు డీజిల్ పోయడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పోస్తూనే ఉంటాయి. మిగిలేదేమీ లేదు, బ్రేకులు కాలి ప్రాణాలు పోతాయి.

ఇదంతా విన్నాక మీకొక అనుమానం వచ్చి ఉండాలి. ఇవన్నీ పెద్ద రహస్యాలేం కాదు, చాలామంది డ్రైవర్లకి తెలిసినవే, మరి ఇంజిన్లు ఎందుకు పోతున్నాయి? దీనికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. మన దగ్గర బండి ఒకరిది, స్టీరింగు ఇంకొకరిది. సూది ఎక్కడం డ్రైవర్ చూస్తాడు. ఆపితే ట్రిప్పు ఆలస్యమవుతుంది, మార్కెట్ దాటిపోతుంది, ఓనరు నాలుగు మాటలంటాడు, ఆ రోజు బత్తా కోస్తాడు. ఆపకపోతే ఇంజిన్ పోవచ్చు, కానీ అది ఇప్పుడే పోతుందని ఎవరన్నారు? ఆ క్షణంలో డ్రైవర్ స్థానంలో ఎవరున్నా ఇంకో పది కిలోమీటర్లు లాగుదామనే అనుకుంటారు. ఇంజిన్ పోయాక డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు. ఆపే ధైర్యం అతనికి ముందే ఇచ్చి ఉండాల్సింది.

మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి చెన్నైకి బండ్లు నడిపే ఓనరు ఒకరు నాకు తెలుసు. కొత్త డ్రైవర్ చేరిన రోజే ఆయన చెప్పే మాట ఒకటుంది. "సూది ఎక్కితే బండి ఆపేయ్. కాయలు మెత్తబడితే ఆ నష్టం నాది, నీ జీతంలో పైసా కొయ్యను. ఆపకుండా తోలావా, అప్పుడు మాట్లాడుకుందాం." మాటతో ఊరుకోడు. ఒకసారి రాత్రిపూట పలమనేరు దాటాక హోస్ పగిలి డ్రైవర్ ఫోన్ చేస్తే, ఇంకో బండి పంపి క్రేట్లన్నీ అందులోకి మార్పించాడు. ఆ ట్రిప్పు మీద కిరాయి పోయింది, కాయల్లో కొన్ని పోయాయి, హెడ్డు నిలబడింది. ఆయన బండ్లలో డ్యాష్‌బోర్డు అరలో ఒక నోటు పుస్తకం ఉంటుంది. పొద్దున ఆయిల్ చూశాను, నీళ్ళు చూశాను, ఇంత పోశాను అని డ్రైవర్ రాయాలి. అది డ్రైవర్‌ని పట్టుకోవడానికి కాదు. నీళ్ళు వారానికి లీటరు తగ్గుతుంటే ఆ పుస్తకంలో ముందే కనబడుతుంది. కిస్తీలు నాలుగైదేళ్ళలో తీరిపోతాయి. తీరాక తిరిగే రోజులే ఓనరుకి అసలు ఆదాయం. సరిగ్గా ఆ రోజులు మొదలయ్యేసరికి ఇంజిన్ పోయే బండ్లు ఎన్నో చూస్తాం కాబట్టి ఆయన పద్ధతి నాకు అంత నచ్చింది.

పాత బండి కొనబోతున్నవాళ్ళు అడుగుతారు కాబట్టి అది కూడా చెబుతాను. మీటరు అంకెని నమ్ముకోకండి. పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే, మీరొచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, ఇంకో రోజు రండి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. వేడెక్కాక, ఐడ్లింగులో, ఆయిల్ పోసే మూత తిప్పి తీయండి. కొద్దిగా ఆవిరి సహజం. పొగ బుసబుసా తన్నుకొస్తూ మూతని ఎగరగొడుతుంటే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే, రింగుల పక్క నుంచి మంట గాలి కిందికి దిగిపోతోంది. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నాజిళ్ళో, లోపలికి దిగుతున్న నీళ్ళో చూడాలి. చల్లారాక రేడియేటర్ మూత తీసి, లోపల నూనె తెట్టు కట్టిందా, నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయా అని చూడండి.

అన్నీ చేసినా ఏదో ఒక రోజు ఇంజిన్ పని తప్పదు. దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. బాగా చేస్తే ఇంజిన్ మళ్ళీ లక్షల్లోనే వస్తుంది. రింగులు మాత్రమే మార్చి తోసేయమని మేస్త్రీని ఒత్తిడి చేయకండి. సిలిండర్ అంచున మెట్టు పడితే కొత్త రింగు వెళ్ళి దానికి కొట్టుకుని విరుగుతుంది, బోరింగు చేయించాల్సిందే, లేదంటే లైనర్లు మార్చాల్సిందే. పని పూర్తయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు తగ్గించి, స్పీడు మారుస్తూ నడపండి. కొత్త రింగులు గోడకి కుదురుకునేది అప్పుడే. గంటల తరబడి ఐడ్లింగులో ఉంచితే అవి కుదురుకోవు. ఆ మొదటి ఆయిల్‌లో లోహపు రజను ఉంటుంది, మేస్త్రీ చెప్పిన దగ్గర మార్చేయండి. లేత్ షాపు నుంచి బయటికి వచ్చేముందు పిస్టన్లు ఏ ఓవర్‌సైజు వేశారో, క్రాంక్ ఎంత గ్రైండ్ చేశారో బిల్లు మీద రాయించుకుని బండి కాగితాలతో పెట్టుకోండి. మళ్ళీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే బేరింగుల సైజు కోసం వాళ్ళు ముందు అడిగేది ఆ కాగితమే.